ఆవిరి బావిలో దున్నపోతు తల

సురో తాత ఒక రాత్రీ ఒక ఉదయమూ నోరు విప్పకుండా ఉంటాడట అన్న కబురు విని తెగల్సరి ఊరంతా పడీపడీ నవ్వింది. నవ్వదా మరి? ఆయన వసపిట్ట. పొగాకు చేలో ఒంటరిగా కలుపు తీస్తున్నా మొక్కలతో కబుర్లు చెబుతాడు. నిద్రలో కూడా ఎవరితోనో తగవు పడుతుంటాడని ఆయన కూతురు వార్సినే చెబుతుంది. అలాంటి మనిషి మౌనం పడితే ఊరు ఏడుస్తుందా?

కానీ పట్టక తప్పని పని వచ్చిపడింది. ఊరి పైన సిలుముత్ బిలం ఉంది. ఎప్పుడూ పొగలు కక్కుతూ, కుళ్ళిన గుడ్ల వాసన కొడుతూ ఉంటుంది. దాని పక్కనే బావి తవ్వుతామని సర్కారు మనుషులు దిగారు. నీళ్ళ బావి కాదు, ఆవిరి బావి. కొండ కడుపులో మరిగే ఆవిరిని గొట్టంలోంచి పైకి లాగి, దాంతో చక్రం తిప్పి, ఇళ్ళల్లో దీపాలు వెలిగిస్తారట. ఇదే మొదటిది, పరీక్షకి తవ్వేది. ఇందులో ఆవిరి పడితే తర్వాత ఇంకా తవ్వుతారు.

"తాతల నాటి నుంచి ఆ ఆవిరి మీద మనం మొక్కజొన్నలు ఉడకేసుకుంటున్నాం. ఇప్పుడు దానికి తీగలు తగిలిస్తారట, చూశావా!" అని ముసలమ్మలు బుగ్గలు నొక్కుకున్నారు.

ఈ పనికి పెద్ద కొసాసి అనే ఇంజినీరు. బాండుంగ్ పట్నం నుంచి వచ్చాడు. బక్కపల్చటి మనిషి, ఈ కొండ చలికి ఎప్పుడూ దగ్గుతూ ఉంటాడు. రెండేళ్ళుగా నేలలో ఇనప కడ్డీలు గుచ్చి వేడి చూసుకుంటూ, చేల గట్ల మీద తిరిగీ తిరిగీ ఊరివాళ్ళకి అలవాటైపోయాడు. చివరికి ఒక చోటు ఖాయం చేసి, అక్కడ సిమెంటు గోడలతో నలుచదరంగా ఓ గుంట కట్టించాడు. రెండు నిలువుల లోతు ఉంటుంది. దాని అడుగునుంచే మర బావిని తొలుస్తుంది. మర లారీల మీద వచ్చింది. బిగించడమే మిగిలింది.

అక్కడ ఆగింది పని. కూలీలంతా తెగల్సరి వాళ్ళే, మేస్త్రీ వార్సిని మొగుడు తుక్రాన్. దున్నపోతు తల పాతిపెట్టకుండా మర మీద చెయ్యి వేసేది లేదని అందరూ ఒక్క మాట మీద నిలబడ్డారు. వంతెన కట్టినా, బడి కట్టినా తల పాతుతారు. అలాంటిది కొండ కడుపులోకే బొక్క కొడుతూ ఊరికే ఉంటారా?

కొసాసి నవ్వలేదు. "మా అమ్మ కూడా పాత ఇంటి గుమ్మం కింద కోడిని పాతించింది. ఎప్పుడు చేస్తారో చెప్పండి, ఆ పూట మావాళ్ళు పక్కకి తప్పుకుంటారు" అన్నాడు. ఊరంతా ఆయన్ని మెచ్చుకుంది.

తల పాతే హక్కు సిలుముత్ బిలానికి మొక్కులు చెల్లించే కాపరిది. ఆ కాపరి సురో తాత. వంశపారంపర్యంగా వచ్చిన పదవి. వచ్చిందన్న మాటే గాని, ఈమధ్య ఆయన్ని పిలిచే నాథుడు లేడు. కుర్రకారు మసీదుకి పోయి, ఇవన్నీ చాదస్తాలంటారు. ఆ కుర్రకారే ఇప్పుడు ఆయన వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడేసరికి ముసలాయన ఛాతీ జానెడు పొంగింది.

ఒక్కటే చిక్కు. ముందు రోజు పొద్దుగూకిన దగ్గర్నుంచి, తల మీద మట్టి కప్పేదాకా, కాపరి నోట మాట రాకూడదు. వచ్చిందా, నైవేద్యం చెల్లదు సరికదా, ఎదురు తిరుగుతుంది. ఆయన పడుచుతనంలో ఒకసారి తిరిగింది కూడా. అప్పుడు నాట్ల ముందు మేకతల పాతుతున్నారు. కాలికి ముల్లు దిగి సురో "అమ్మా" అన్నాడు. అన్నది ఆ ఒక్క మాటే. ఆ నెలలోనే విషపు మంచు పడి, ఈ కొండ నుంచి ఆ కొండ దాకా చేలన్నీ మాడి మసైపోయాయి. జనం ఆకులలములు తిని బతికారు. మంచు ఎందుకు పడుతుందో ఆ దేవుడికి తెలుసు. ఊరికి మాత్రం సురో నోరే తెలుసు. ఇప్పటికీ మంచు పడితే "సురో అమ్మ వచ్చింది" అంటారు. ఆయన ఎదుటే అంటారు. ఆయనా వాళ్ళతోపాటు నవ్వుతాడు. ఇంటికొచ్చాక ఆ పూట తిండి తినడు. అది వార్సినికి ఒక్కదానికే తెలుసు.

పొద్దుగూకే ముందు తండ్రి ఆమెని వంటింట్లోకి వచ్చి పట్టుకున్నాడు. మూడు రోజుల నుంచి ఉప్పు లేని తెల్లన్నం, మంచినీళ్ళే ఆయన ఆహారం. మొహం పీక్కుపోయింది. కళ్ళు మాత్రం కుర్రాడి కళ్ళలా మెరుస్తున్నాయి.

"ఒసే, నువ్వు నాకో మాటివ్వాలి."

"ఇప్పుడేం మాట నాన్నా? ముందు ఆ మంచం మీద కూర్చో, తూలిపోతున్నావు."

"రేపు అక్కడ నన్ను పిలవకు. నాకేదైనా అయిందని నీకు అనిపించినా సరే, పిలవకు. నువ్వు పిలిస్తే నేను పలుకుతాను. నాకు తెలుసు. మీ అమ్మ పోయిన దగ్గర్నుంచి నువ్వు 'నాన్నా' అంటే 'ఆఁ' అనకుండా ఉన్న రోజు లేదు."

"ఆ మాత్రానికి నన్నెందుకు తిడతావు? పలక్కుండా ఉండటం నీ చేతిలో పని."

"తిట్టడం లేదే పిచ్చిదానా, బతిమాలుకుంటున్నా. నలభై ఏళ్ళు మాట పడ్డాను. చచ్చేలోగా ఈ ఒక్క పనీ నిక్కచ్చిగా చేసి పోనీ. వీళ్ళ నోళ్ళు మూయించి పోనీ."

వార్సినికి నచ్చలేదు. అరవై దాటిన మనిషి, కడుపులో గట్టి తిండి లేదు, కుడి మోకాలు చూస్తే కర్రలా బిగుసుకుపోయి ఎన్నో ఏళ్ళుగా మడతపడదు. నమాజులో కూడా ఆ కాలు చాపే కూర్చుంటాడు. ఇలాంటివాణ్ణి నిచ్చెన మీంచి గుంటలోకి దింపడమేమిటని ఆమె బాధ. కానీ ఆ మొహం చూస్తూ కాదనలేకపోయింది. "సరే, పిలవను. చాలా?" అంది. ముసలాయన ఆమె తల నిమిరి, ఎండ కొండ వెనక్కి జారే దాకా తెరిపి లేకుండా మాట్లాడాడు. మర్నాటికి సరిపడా మాటలన్నీ ముందే ఖర్చుపెడుతున్నట్టు, మామిడి రంగు దూడ దగ్గర్నుంచి పక్కూరి తగాదా దాకా అన్నీ చెప్పాడు. చీకటి పడగానే ఠక్కున ఆపేశాడు. ఇల్లు ఒక్కసారిగా పరాయి ఇల్లులా అయిపోయింది.

ఆ పూట భోజనానికి తుక్రాన్ మోకాళ్ళ దాకా బంకమట్టితో వచ్చాడు.

"ఇదేం అవతారం? పని ఆగిందన్నారుగా?" అంది వార్సిని.

"తల కోసం గొయ్యి తవ్వొచ్చాం. గుంట అడుగున సిమెంటు వెయ్యని చదరం ఉంది చూడు, అక్కడే. తల ఎప్పుడైనా మనిషి ఛాతీకి తక్కువ లోతులో ఉండకూడదు గదా. ఇంజినీరు తవ్వించింది మోకాలి లోతే. మిగతాది మేమే లాగించాం. కింద మట్టి భలేగా ఉందిలే, వెచ్చగా, వెన్న ముద్దలా."

"ఆయనకి చెప్పారా?"

"ఆయనకెందుకు? సాయంత్రం దీపం దింపి చూసుకున్నాడు, అది ఆరలేదు, గాలి బాగానే ఉందన్నాడు. ఆ తర్వాతే మేము దిగాం. ఇది మన పని, ఆయన పని కాదు." మూల మంచం మీద కూర్చున్న మామ వైపు తిరిగి కన్ను గీటాడు. "ఏం మామా, లోతు సరిపోయిందంటావా? అనవులే. నీ నోటికి సెలవు దొరికింది, మా చెవులకీ దొరికింది."

సురో తాత చెయ్యెత్తి కొట్టబోయినట్టు చేసి నవ్వాడు. నవ్వు కూడా చప్పుడు లేకుండానే.

సిలుముత్ పల్లాల్లో గాలి మంచిది కాదని తెగల్సరిలో పసిపిల్లలకి కూడా తెలుసు. గాలి ఆడని ఉదయం అటు మేకల్ని తోలరు. కానీ అది బిలం సంగతి. సిమెంటు గోడలతో, సర్కారువాళ్ళు కట్టిన గుంటకి ఆ భయం ఎవరూ అంటగట్టలేదు. పైగా ఆ గుంట అడుగున బంకమట్టి పొరే కింది గాలికి మూతగా ఉందనీ, తాము ఆ మూతనే తీసి వచ్చామనీ ఆ మగవాళ్ళకి తట్టలేదు. వాళ్ళకి తెలిసింది ఛాతీ లోతు.

తెల్లవారింది. ఆకు కదలడం లేదు. పొగమంచు నేలకి అంటుకుని పడుకుంది. ఊరంతా దుప్పట్లు కప్పుకుని గుంట చుట్టూ చేరింది. గుంటకి కాస్త ఎడంగా చుట్టూ కొబ్బరితాడు కట్టి, కాపరీ అతనికి సాయం పట్టేవాళ్ళూ తప్ప ఇంకెవరూ అది దాటకూడదన్నారు. ఆడవాళ్ళు ఒక వైపు, మగవాళ్ళు ఒక వైపు. కూతురు కాబట్టి వార్సినిని తాడు దగ్గర ముందు వరసలో నిలబెట్టారు. పక్కనే ఊరి పెద్ద భార్య, అందరూ బూ లురా అని పిలిచే ఆవిడ. ఊరి పెద్ద పాక్ లురా; అక్కడ పాక్ అంటే అయ్యగారు, బూ అంటే అమ్మగారు.

కొసాసి చేతిలో దీపంతో ఊరి పెద్ద దగ్గరికి వచ్చాడు.

"పాక్ లురా, ఒక్క నిమిషం. ఇంకోసారి దింపి చూసి తప్పుకుంటాను."

ఊరి పెద్ద రెండు చేతులూ జోడించాడు. "పాక్, ఏమీ అనుకోకండి. తాడు కట్టేశాక ఇనప వస్తువు లోపలికి రాకూడదు. నిన్న చూశారుగా, బాగుందన్నారుగా?"

"నిన్న బాగుంది."

"మరి ఒక్క రాత్రిలో ఏమవుతుంది? మట్టి కప్పేశాక మీ ఇష్టం, పది దీపాలు దింపుకోండి."

కొసాసి ఒక్క క్షణం తటపటాయించి, దగ్గి, తల వంచి వెనక్కి వెళ్ళిపోయాడు. గట్టిగా కాదని ఉంటే ఊరు మొహం మాడ్చుకునేది, అంతే కదా? ఆయన మర్యాదస్తుడు. ఆ మర్యాదే కొంప ముంచింది.

సురో తాత వచ్చాడు. ఉతికిన తెల్ల బట్టలు, తలపాగా. పెదాల మధ్య మడిచిన తమలపాకు పట్టుకున్నాడు. నోరు విప్పలేదనడానికి అదే గుర్తు. జనంలో ఎవడో "తాతా, అమ్మ ఎలా ఉంది?" అని అరిచాడు. కిసుక్కుమన్నారు నలుగురు. ఆయన ఆ వైపు చూడనైనా చూడలేదు. నిప్పుల మూకుడు ఒక చేత్తో పట్టుకుని, బిగుసుకుపోయిన కాలు పక్కకి చాపుతూ, ఒక్కొక్క మెట్టే వెదురు నిచ్చెన దిగాడు. ఆయన వెనకే తెల్లగుడ్డలో చుట్టిన దున్నపోతు తలని తాళ్ళతో దించారు. ఆ తర్వాత అందరూ అడుగు వెనక్కి వేశారు.

వార్సినికి తాడు దగ్గర్నుంచి గుంట అడుగు సగం కనిపిస్తోంది. తండ్రి నిప్పుల మీద సాంబ్రాణి చల్లాడు. పొగ లేచింది. లేచిన పొగ పైకి రాలేదు. ఆయన నడుము ఎత్తున ఆగిపోయి, నీళ్ళ మీద తెట్టులా నలువైపులా పరుచుకుంది.

"చూశావుటే?" బూ లురా ఆమె చెయ్యి నొక్కింది. "పొగ పైకి పోవడం లేదు. కొండ కడుపులో ఉండే కిందివాళ్ళే పీల్చుకుంటున్నారు. ఎంత అదృష్టమే మీ నాన్నది!"

వెనక వరసల్లో ఆ మాట చేతులు మారింది. కిందివాళ్ళు తీసుకుంటున్నారట, ఒప్పుకున్నారట. కూలీల మొహాలు విచ్చుకున్నాయి.

సురో తాత తలని గొయ్యి అంచుకు లాగాడు. సర్దుతూ సర్దుతూ ఒకసారి ఆగి పైకి చూశాడు. ఎవర్ని చూశాడో ఏమో. తర్వాత మెల్లిగా కూలబడి, నుదురు దున్నపోతు తలకి ఆనించి అలాగే ఉండిపోయాడు.

"ప్రార్థన చేస్తున్నాడు" అన్నారు జనం. తలపాగాలు సర్దుకుని వాళ్ళూ తలలు వంచారు. ఆ చలిలో అంతమంది ఉన్న చోట ఒక్క పసిపిల్ల ఏడుపు కూడా లేదు.

వార్సిని కూడా తల వంచబోయింది. అప్పుడే ఆమె కళ్ళు తండ్రి కాళ్ళ మీద పడ్డాయి. రెండు కాళ్ళూ కింద మడతపడి ఉన్నాయి. కుడి కాలు కూడా.

ఆ కాలు మడవలేడు నాన్న. మడిస్తే ప్రాణం పోయినంత నొప్పి. వార్సిని పక్కకి తిరిగి, "బూ, నాన్న కాలు చూడండి" అని గొణిగింది.

"ష్! దేవత ఎక్కినప్పుడు కాలేంటి, కొండే మడతపడుతుంది."

పిలవాలి. నాలుక చివరిదాకా వచ్చింది. ఇచ్చిన మాట అడ్డం వచ్చింది. నలభై ఏళ్ళ నవ్వులు అడ్డం వచ్చాయి. ఇప్పుడు పిలిచి, ఆయన "ఆఁ" అని పలికితే? తనే కదా ఆయన నోట మన్ను కొట్టినట్టు? ఒక్క ఊపిరి చూద్దాం అనుకుంది. భుజాలు కదులుతాయేమో చూసింది. ఇంకొక్క ఊపిరి అనుకుంది. చుట్టూ అంతమంది పెద్దలు ఉన్నారు, ఎవరూ కంగారు పడటం లేదు, తనకొక్కదానికే తెలుసా? అలా అనుకుంటూ ఎంతసేపు నిలబడిందో ఆమెకి తర్వాత ఎంత తలుచుకున్నా తేలలేదు. మూకుట్లో నిప్పులు నల్లబడిపోయాయి.

"నాన్నా!"

జనం ఉలిక్కిపడ్డారు. "ఎవర్తది? నోరు ముయ్!" అని మగవాళ్ళ వైపు నుంచి కేకలు. బూ లురా ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. వార్సిని ఆ చేతిని కొరికి, తాడు దాటి పరుగెత్తింది.

"నాన్నా! పలుకు నాన్నా! పరవాలేదు, పలుకు!"

గుంటలోని మనిషి మెల్లిగా పక్కకి ఒరిగాడు. అంతే.

అప్పుడు కదిలారు అందరూ. తుక్రాన్ నిచ్చెన వైపు దూకాడు. కొసాసి జనాన్ని తోసుకుంటూ వచ్చి అతని చొక్కా పట్టి లాగాడు. "దిగకు! దిగినవాడు దిగినట్టే ఉంటాడు! ముందు తాడు కట్టుకో, ఊపిరి బిగపట్టు!" ఆ కొబ్బరితాడే ఊడబెరికి తుక్రాన్ నడుముకి కట్టారు. అతను దిగి, మామ చంకల కింద ఇంకో తాడు వేసి, ముడి బిగిస్తూ ఒక్క గుక్క పీల్చాడు. అక్కడికక్కడే మోకాళ్ళ మీద పడ్డాడు. పైనుంచి పదిమంది లాగారు. తుక్రాన్ కక్కుకుని బతికాడు. సురో తాత బతకలేదు.

తమలపాకు ఆయన పెదాల మధ్య లేదు. నోరు తెరుచుకుని ఉంది.

ఆ రోజే ఖననం అయిపోయింది. ఆ సాయంత్రమే కూలీలు పారలు తెచ్చి, గాలి ఊదే మర పెట్టించుకుని, తల మీద మట్టి కప్పేశారు. మూడో రోజున మర బిగించడం మొదలైంది. ఎవరికీ అక్కడ కాలు పెట్టడానికి భయం లేదు. కొండ తనకి కావలసింది తీసుకుంది కదా, ఇక మన జోలికి రాదని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారు. ఇంకో మాట కూడా చెప్పుకున్నారు. నీళ్ళ దగ్గర వార్సిని రాగానే ఆ మాట ఆగిపోయేది. ఆగిపోవడంతోనే ఆమెకి తెలిసిపోయింది.

ఏడో రోజు భోజనాలకి కొసాసి వచ్చాడు. చాప మీద కూర్చున్నాడు గాని అన్నం ముట్టలేదు. మగవాళ్ళందరి ముందూ చెప్పాడు.

"ఇందులో తప్పు నాది. దీపం దింపకుండా వెనక్కి పోకూడదు నేను. ఆ గాలి నేల కింద నుంచి వచ్చింది, బరువైనది, పల్లంలో నిలబడిపోతుంది. తాత కూలబడినప్పుడే అయిపోయింది. నోరు తెరుచుకున్నది గాలి అందక. అమ్మాయి పిలవడానికీ దానికీ సంబంధం లేదు. ఇంకా ముందే పిలిచి ఉంటే..." ఆమె వైపు చూసి, ఆ మాట మింగేశాడు.

"అవును పాక్. నిజమే పాక్" అన్నారు అందరూ, ఎంతో వినయంగా. ఊరి పెద్ద ఆయనకి స్వయంగా టీ పోసి ఇచ్చాడు.

ఆయన జీపు మలుపు తిరగ్గానే బూ లురా వంటింట్లోకి వచ్చి, కట్టు కట్టిన చేత్తోనే వార్సిని భుజం తట్టింది. "పాపం, చదువుకున్నవాడు. నువ్వు కుమిలిపోతావని అలా చెప్పాడు. మేమూ నిన్నేమీ అనంలే. ఆడమనసు, ఆపుకోలేకపోయావు. నువ్వు పిలిచావు, తండ్రి ప్రాణం కదా, పలకడానికి నోరు తెరిచాడు. ఆకు రాలింది. కిందివాళ్ళు వదుల్తారా?"

వార్సినికి ఆవిణ్ణి ఇంకోసారి కొరకాలనిపించింది. చేతిలో గరిటె గట్టిగా పట్టుకుని, అన్నం వడ్డించడానికి వెళ్ళింది.

కొన్ని వారాలకి బావిలో ఆవిరి పడింది. పడిన రోజున చెవులు చిల్లులు పడే హోరు. తెల్లటి స్తంభం మబ్బుల దాకా లేచింది. రెండు కొండల అవతలి వాళ్ళు కూడా చూడటానికి వచ్చారు. కూలీలు పెద్ద పండగ చేసుకున్నారు. సురో తాత పేరు చెప్పి మరీ చేసుకున్నారు. ఆయన ఆఖరి క్షణం దాకా నిలబడ్డాడనీ, కూతురే చెడగొట్టిందనీ తాగిన ఇద్దరు వార్సిని వాకిటి ముందే అనుకుంటూ పోయారు.

మర్నాడు తుక్రాన్ పనికి వెళ్ళబోతూ అన్నానికి కూర్చున్నాడు. దూరాన ఆ హోరు ఇంకా ఆగలేదు. వార్సిని మిరపకాయ పచ్చడి వేసింది. అతను రెండు ముద్దలు తిని ఆగాడు. అడగనా వద్దా అని చాలా రోజులుగా నానబెట్టుకున్న ప్రశ్న బయటికి వచ్చింది.

"నిన్ను తప్పుపట్టి కాదు వార్సీ, ఊరికే అడుగుతున్నా. ఇంకాస్త ఆగలేకపోయావా?"

"ఆగాను" అంది వార్సిని. "నేను చేసిన పాపం అదే. కాళ్ళు రెండూ మడతపడి ఉండటం చూశాను. నాన్న అలా కూర్చోలేడని నాకు తెలుసు. చూసి కూడా ఆగాను. వీళ్ళంతా ఏమంటారోనని ఆగాను. ఇంజినీరు చెప్పాడుగా, ఆ గాలి కింద నుంచి వచ్చిందని. నేను పిలవకముందే ఆయన పోయాడు. నువ్వు దిగావు, నువ్వూ పడ్డావు, నీకూ తెలియదా?"

తుక్రాన్ కంచంలోకే చూస్తూ, "నేను పడింది భయానికి" అన్నాడు. చెయ్యి కడుక్కుని, టోపీ తీసుకుని గుమ్మం దిగి వెళ్ళిపోయాడు. ఆమె మాట అతను నమ్మడు, ఎప్పటికీ నమ్మలేడు. గాలి కింద నుంచి వచ్చిందని నమ్మితే, ఆ గొయ్యి ఛాతీ లోతుకి తవ్వింది ఎవరో కూడా ఒప్పుకోవాలి.